మందమర్రి అంగడి నుంచి చూస్తే ఫ్రాన్స్, అమెరికా

కూరగాయలు ఎక్కడ కొంటున్నాం, అన్నానికి ఎంతసేపు కూర్చుంటున్నాం, ఏం తాగుతున్నాం? ఇంటింటి అలవాట్లుగా కనిపించే వీటి వెనక పని గంటలున్నాయి, చట్టాలున్నాయి, నెత్తురు పారిన పోరాటాలూ ఉన్నాయి. బొగ్గు తవ్విన మూడు దేశాల కంచాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

మొదటి షిఫ్టు దిగిన కార్మికులు మూడు దాటాక బొగ్గుబాయి మీది నుంచి ఇళ్లకు చేరుతారు. స్నానం చేసి, అన్నం తిని, ఓ కునుకు తీసి లేచేసరికి తెలంగాణ బొగ్గుబెల్టులోని మందమర్రి మార్కెట్లో సందడి మొదలవుతుంది. కాసిపేట, నెన్నెల దిక్కు ఊళ్ల నుంచి కూరగాయల గంపలు ఆటోల్లో దిగుతాయి. గోనెసంచులు పరిచి గోకరకాయ, బీరకాయ, వంకాయ కుప్పలు పోస్తారు. పుంటికూర కట్టల మీద నీళ్లు చిలకరిస్తూ ఒక అవ్వ కూర్చుంటుంది. "ఎంతకిస్తవే అవ్వా" అంటే, "పదికి రెండు కట్టలు తీస్కో బిడ్డా" అంటుంది. కట్టలు సంచిలో వేశాక, అడగకుండానే నాలుగు పచ్చిమిరపకాయలో, రెండు కొత్తిమీర రెబ్బలో కొసరు పడతాయి. ఈ బేరం జరిగినంతసేపూ మాటలు నడుస్తూనే ఉంటాయి. ఎవరి బిడ్డకు పురుడు పోశారు, ఎవరు దిగిపోయారు, ఎవరి కొడుక్కు వారసత్వ కొలువు వచ్చింది, అన్నీ ఆమెకు తెలుసు. జీతాల ముందు వారంలో చేతిలో చిల్లర లేకపోతే ఉద్దెర కూడా పెడుతుంది. ఆ బాకీకి కాగితం ఉండదు.

సింగరేణి బొగ్గు కంపెనీ క్వార్టర్లలో పెరిగిన పిల్లలు చాలామంది ఇప్పుడు డాలస్‌లో, న్యూజెర్సీలో, కాలిఫోర్నియాలో ఉన్నారు. కొందరు చదువులకు పారిస్, లియోన్ వైపూ వెళ్లారు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ అడిగే మొదటి మాట "ఏం తిన్నవ్ బిడ్డా" అనే. ఆ మాటకు రెండు దేశాల నుంచి రెండు రకాల జవాబులొస్తాయి. ఒకరు శనివారం కారు తీసి వారానికి సరిపడా సామాను తెచ్చి ఫ్రిజ్ నింపామంటారు. ఇంకొకరు కాలేజీ నుంచి వస్తూ రొట్టె, నాలుగు టమాటలు, ఓ చీజ్ ముక్క కొనుక్కుని గదికి పోతున్నామంటారు. డబ్బున్న దేశాలు రెండూ. తిండి తీరు మాత్రం ఇంత వేరుగా ఎందుకుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే మందమర్రికి పనికొచ్చే విషయాలు దొరుకుతాయని నా నమ్మకం.

మేయర్ చేతిలో అంగడి

ఫ్రాన్స్‌లో ఒక ఊళ్లో అంగడి పెట్టాలన్నా, ఎత్తేయాలన్నా, ఇంకో చోటికి మార్చాలన్నా మున్సిపల్ కౌన్సిల్‌దే నిర్ణయం. ఆ నిర్ణయానికి ముందు వ్యాపారుల సంఘాలను సంప్రదించాలని స్థానిక సంస్థల చట్టంలోనే రాసి ఉంది. అందుకే అక్కడ అంగడి ఊరి చివరికి పోలేదు. చర్చి ముందున్న ఖాళీ జాగాలో, మున్సిపల్ కార్యాలయం ఎదుట, నడిబొడ్డునే నిలిచింది. వారంలో ఒకటో రెండో పొద్దులు స్టాళ్లు వెలుస్తాయి. మధ్యాహ్నం ఒంటి గంటకల్లా సర్దేస్తారు. ఆ వెనకే మున్సిపాలిటీ సిబ్బంది వచ్చి జాగా కడిగేస్తారు. మన దగ్గర గిచ్చి, నొక్కి, వాసన చూసి కొంటాం. అక్కడ పండును కొనేవాళ్లు ముట్టుకోవడం మర్యాద కాదు. ఖర్బూజా కావాలంటే "ఈ పూటకా, రేపటికా" అని అమ్మేవాడే అడిగి, దానికి తగ్గ పండు ఎంచి ఇస్తాడు. ఆ ఎంపిక మీద నమ్మకం ఉంటేనే వాడి వ్యాపారం.

రొట్టెకూ ఇలాంటి కాపలాయే ఉంది. 1993లో ఫ్రెంచ్ ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. సంప్రదాయ ఫ్రెంచ్ రొట్టె అని పేరు పెట్టి అమ్మాలంటే తయారీలో ఏ దశలోనూ ఫ్రీజ్ చేయకూడదు, బయటి రసాయనాలు కలపకూడదు. ముఖ్యంగా గోధుమపిండి, నీళ్లు, ఉప్పు, పులియబెట్టే ఈస్టే ఉండాలి. అదే బగెట్ రొట్టె తయారీ కళ 2022 నవంబరులో యునెస్కో జాబితాకెక్కింది. 2010లో ఫ్రెంచ్ వాళ్లు పదిమంది కూడి తినే విందు పద్ధతికే ఆ గుర్తింపు దక్కింది.

ఇదంతా చదివి ఫ్రాన్స్‌లో అందరూ అంగళ్లలోనే కొంటారనుకోవద్దు. ఒకే కప్పు కింద అన్నీ అమ్మే హైపర్ మార్కెట్‌ను 1963లో పారిస్ శివార్లలోని సెంత్ జెనెవియెవ్ దె బువా అనే ఊళ్లో కార్ఫూర్ కంపెనీ తెరిచింది. ఇప్పుడు ఇంటి సరుకుల్లో సింహభాగం అలాంటి పెద్ద దుకాణాల్లోనే కొంటున్నారు. చిన్న దుకాణదారులు ఊరుకోలేదు. వాళ్ల ఒత్తిడితో 1973లో రువాయే చట్టం వచ్చింది. పెద్ద దుకాణం పెట్టాలంటే స్థానిక కమిటీ అనుమతి కావాలన్నారు. ఆ కళ్లెం పెద్ద కంపెనీలను ఆపలేదు గానీ, అంగళ్లకు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇచ్చింది.

ఇక మందమర్రి సంగతి. ఇది మున్సిపాలిటీ. కానీ ఇది ఏజెన్సీ (గిరిజన షెడ్యూల్డ్) ప్రాంతమన్న వివాదం తేలక దశాబ్దాలుగా ఇక్కడ మున్సిపల్ ఎన్నికలు జరగలేదు. 2020లో రాష్ట్రమంతా పురపాలక ఎన్నికలు జరిగినప్పుడు కూడా మందమర్రి, పాల్వంచ, మణుగూరు పక్కనే ఉండిపోయాయి. ఈ మూడూ బొగ్గుబెల్టు పట్టణాలే, లేదా దాన్ని ఆనుకుని ఉన్నవే. కౌన్సిలర్ లేడు, చైర్‌పర్సన్ లేరు. వాన పడితే గోనెసంచి మీది కూరగాయలు బురదైపోతే ఎవరి గుమ్మం ముందు నిలబడి అడగాలో తెలియదు. ఫ్రాన్స్ అంగడికీ మన అంగడికీ సరుకులో, మాటల్లో, మనుషుల్లో పెద్ద తేడా లేదు. దాన్ని పట్టించుకునే బాధ్యత ఎవరిదో అక్కడ కాగితం మీద ఉంది, ఇక్కడ లేదు.

బండి తోసుకుంటూ వెళ్లిన అమెరికా

అమెరికాలోనూ ఒకప్పుడు కిరాణా కొట్టు మన కొట్టులాగే ఉండేది. చిట్టీ ఇస్తే గుమాస్తా తూచి పొట్లం కట్టేవాడు. 1916లో టెన్నెసీ రాష్ట్రం మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి పిగ్లీ విగ్లీ అనే దుకాణం తెరిచి ఆ పద్ధతిని తిరగేశాడు. సరుకులన్నీ అరల్లో పెట్టి, ఎవరికి కావాల్సింది వాళ్లే తీసుకుని దారి చివర డబ్బు కట్టి పొమ్మన్నాడు. గుమాస్తాల జీతం మిగిలింది, ధర తగ్గింది. 1937లో ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ చక్రాల బండి కనిపెట్టాడు. చేతిసంచి బరువైతే జనం కొనడం ఆపేస్తున్నారని గమనించి చేసిన పని అది. బండి వచ్చాక కొనుగోలు పెరిగింది. కారు, ఫ్రిజ్ తోడయ్యాక వారానికోసారి కొనడం రివాజైంది.

మనవాళ్లు అమెరికా చేరినప్పుడు ఈ ఏర్పాటులోకే చేరారు. షికాగో డెవాన్ ఎవెన్యూలో 1974లో మొదలైన పటేల్ బ్రదర్స్ దుకాణం ఇప్పుడు ఆ దేశంలో 50కి పైగా శాఖలున్న సంస్థ. గోంగూర, ములక్కాడ ముక్కలు, కరివేపాకు, సోనామసూరి బియ్యం అక్కడ దొరుకుతాయి. గోంగూర కట్ట డాలర్లలో ఖరీదే. అయినా అక్కడి తెలుగువాళ్లు దాన్ని కొంటారు, పెరట్లో కుండీల్లో పెంచుతారు, విత్తనాలు పంచుకుంటారు. పారిస్‌లో చదువుకునే పిల్లలకు గార్ దు నోర్ స్టేషన్ వెనక లా షపెల్ ప్రాంతంలోని శ్రీలంక తమిళుల దుకాణాలు ఆ కొరత తీరుస్తాయి.

అమెరికా పద్ధతిలో సౌకర్యం ఎంతో ఉంది, కాదనను. కానీ ఒకే పెద్ద దుకాణం మీద ఊరంతా ఆధారపడితే ఏమవుతుందో చూడాలంటే పశ్చిమ వర్జీనియాలోని మెక్‌డోవెల్ కౌంటీకి పోవాలి. అది బొగ్గు తవ్విన గడ్డ. 1950లో దాని జనాభా లక్షకు దగ్గరగా ఉండేది. యంత్రాలొచ్చి, గనులు మూతపడి, 2020 నాటికి 20 వేల లోపుకు పడిపోయింది. అమెరికా ప్రభుత్వం పేదలకు ఆహార కూపన్లు ఇచ్చే పథకాన్ని 1961లో మళ్లీ ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినప్పుడు మొట్టమొదటి కూపన్లు అందుకున్నది ఈ కౌంటీలోని కుటుంబమే. ఇంటి పెద్ద పని పోయిన గని కార్మికుడు, ఇంటినిండా పిల్లలు. ఆ తర్వాత అక్కడి కింబల్ అనే ఊళ్లో వాల్‌మార్ట్ వచ్చింది. ఊరి చిన్న కొట్లు దాని ధరలతో పోటీ పడలేక చితికిపోయాయి. 2016 జనవరిలో వాల్‌మార్ట్ కూడా తలుపులు మూసేసింది. అంతవరకు అక్కడి అన్నదాన కేంద్రానికి మిగులు సరుకులు ఇచ్చిందీ ఆ దుకాణమే. ఇప్పుడు తాజా కూరగాయల కోసం కొండదారుల్లో చాలా దూరం వెళ్లాలి. కారు లేని ముసలివాళ్ల గతి చెప్పనక్కరలేదు.

ఈ కథ నన్ను కలవరపెడుతుంది. సింగరేణిలో 1990 ప్రాంతంలో లక్షా 16 వేల మంది పర్మినెంట్ కార్మికులుండేవారు. ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నారు. బెల్లంపల్లి ఎలా పలచబడిందో ఈ ప్రాంతం వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మంచిర్యాల నుంచి చంద్రపూర్ దాకా వెళ్లే నాలుగు వరుసల జాతీయ రహదారి మందమర్రి పక్కనుంచే పోతోంది. మంచిర్యాలలో పెద్ద పెద్ద మార్టులు లేచాయి. బైకో కారో ఉన్నవాళ్లు నెల సామాను అక్కడే తెచ్చుకుంటున్నారు. ఆ డబ్బంతా ఊళ్లో తిరగకుండా పోతుంది. ఊరి కొట్టు మూతపడ్డాక మార్టు కూడా లాభం లేదని లేచిపోతే మనకు మిగిలేదేమిటో మెక్‌డోవెల్ చెబుతోంది.

బాయిలోకి దిగే గిన్నె

మూడు దేశాల గని కార్మికుల మధ్యాహ్న భోజనాన్ని పక్కపక్కన పెడితే దేశాల తేడా చెరిగిపోతుంది. ఫ్రాన్స్ ఉత్తరాన లాన్స్ చుట్టుపక్కల బొగ్గుగనుల్లో కార్మికుడు బట్టసంచిలో రొట్టె ముక్కల మధ్య వెన్నో, చీజో పెట్టుకుని దిగేవాడు. దాన్ని బ్రికే అనేవారు. తినగా మిగిలిన ముక్కను ఇంటికి తెచ్చేవాడు. పిల్లలు వాకిట్లో ఎదురుచూసేవారు. బొగ్గువాసన పట్టిన ఆ ఎండిన రొట్టెను భరతపక్షి రొట్టె అని ముద్దుగా పిలిచి పంచేవారు. పశ్చిమ వర్జీనియాలోని ఫెయిర్‌మాంట్‌లో జుసెప్పె అర్జీరో అనే ఇటలీ వలసకారుడు 1927లో బేకరీ పెట్టి, రొట్టె లోపల పెప్పరోనీ మాంసం పెట్టి కాల్చి అమ్మడం మొదలుపెట్టాడు. ఫ్రిజ్ లేకపోయినా చెడదు, ఒక చేత్తో పట్టుకుని తినేయొచ్చు. గని కోసమే పుట్టిన తిండి అది. ఇప్పటికీ ఆ రాష్ట్రంలో పెట్రోల్ బంకు దగ్గర కూడా అమ్ముతారు.

మన కార్మికుడిది స్టీలు గిన్నె. అన్నం, పప్పు, తొక్కు, ఒక ఉల్లిగడ్డ. భూగర్భంలో ఉక్కపోత. బొగ్గుదుమ్ము పట్టిన చేతులను తాగడానికి తెచ్చుకున్న నీళ్లలోంచే కొంచెం పోసి కడుక్కుంటారు. క్యాప్ ల్యాంపు వెలుతురులో గిన్నె తెరుస్తారు. నలుగురు కూర్చుంటే నాలుగు కూరలూ నాలుగు మూతల్లోకి తిరుగుతాయి. ఏ కులం ఇంటి కూర ఎవరి మూతలో పడిందో ఆ చీకట్లో ఎవరూ చూడరు. తట్టా చెమ్మస్ పట్టుకుని బొగ్గు ఎత్తిన కాలం నుంచీ బాయి నేర్పిన తిండి మర్యాద ఇదే. దాన్ని నేను పారిస్ రెస్టారెంట్ల మర్యాద కంటే ఒక మెట్టు పైనే ఉంచుతాను.

గనిలో తిండి ప్రాణాలు నిలబెట్టిన సందర్భమూ ఉంది. 1906 మార్చి 10న ఉత్తర ఫ్రాన్స్‌లోని కూరియెర్ గనుల్లో పేలుడు జరిగి 1,099 మంది చనిపోయారు. యూరప్ చరిత్రలోనే అంత పెద్ద గని ప్రమాదం లేదు. ఇరవై రోజుల తర్వాత 13 మంది తమంతట తామే పైకి నడిచొచ్చారు. చనిపోయిన తోటివాళ్లు తెచ్చుకున్న భోజనపు మూటలు వెతుక్కుని తిన్నారు. అవీ అయిపోయాక గనిలో బండ్లు లాగే గుర్రాన్ని కోసుకుని బతికారు.

దుకాణం ఎవరిదన్న ప్రశ్నకూ గనులతో ముడి ఉంది. అమెరికా బొగ్గు కంపెనీలు కార్మికులకు డాలర్లకు బదులు తమ సొంత బిళ్లలు ఇచ్చేవి. అవి కంపెనీ కొట్టులోనే చెల్లేవి. అక్కడి ధరలు కంపెనీ చెప్పినవే. జీతం వచ్చేలోపే అప్పుకు జమయ్యేది. ఫ్రాన్స్‌లో ఎమిలీ జోలా 1885లో రాసిన 'జెర్మినల్' నవలలో గని ఊరి వాళ్లంతా ఉద్దెర కోసం ఒకే కొట్టువాడి ముందు తలవంచుతారు. ఇక సింగరేణి సంగతి. కంపెనీ పట్టణాల్లో సింగరేణి సూపర్ బజార్లు వచ్చాయి, కార్మికుడికి తూకం, ధర నమ్మకంగా దొరికాయి. అయినా అప్పు ఇంకో దారిలో వచ్చింది. వడ్డీ వ్యాపారుల దగ్గర ఏటీఎం కార్డులు తాకట్టు పెట్టిన కార్మికుల కథలు ఈ బెల్టులో అందరికీ తెలుసు. జీతం ఖాతాలో పడగానే కార్డున్నవాడు ముందు తీసుకుంటాడు. మిగిలిందే ఇంటి సామానుకు.

అన్నానికి కూర్చునే తీరిక

ధనిక దేశాల లెక్కలు తీసే ఓఈసీడీ సర్వేల ప్రకారం ఫ్రెంచ్ వాళ్లు రోజుకు 2 గంటల 13 నిమిషాలు తినడం, తాగడం కోసం కేటాయిస్తారు. అమెరికన్లు గంటకు కాస్త అటూఇటూ. ఫ్రాన్స్‌లో పనిచేసే బల్ల మీదే భోజనం చేయనివ్వకూడదని కార్మిక నిబంధనల్లో ఉంది. లేచి వేరే చోట కూర్చుని తినాలి. యజమాని కొంత భరించే భోజన కూపన్లకు 1967లో చట్టబద్ధత వచ్చింది. బడిపిల్లల భోజనంలో సగమైనా నాణ్యత గుర్తింపున్న పదార్థాలు, మొత్తంలో 20 శాతమైనా సేంద్రియ పంట ఉండాలని 2018 చట్టం చెప్పింది. 2022 నుంచి అది అమల్లో ఉంది.

హోటల్లోనూ ఇదే తేడా. ఫ్రాన్స్‌లో మెనూ మీద రాసిన ధరలోనే సర్వీసు కలిసి ఉంటుంది. భోజనానికి రొట్టె, మామూలు నీళ్లు అడిగితే డబ్బు తీసుకోకూడదు. వెయిటర్‌ది నెలజీతపు ఉద్యోగం. కనుక మిమ్మల్ని తొందరపెట్టడు, అడిగితే తప్ప బిల్లు తేడు. అమెరికాలో టిప్పు వచ్చే ఉద్యోగులకు యజమాని ఇవ్వాల్సిన కనీస కూలి కేంద్ర చట్టం ప్రకారం గంటకు 2 డాలర్ల 13 సెంట్లు. 1991 నుంచి మారలేదు. చాలా రాష్ట్రాలు తమ వరకు పెంచుకున్నాయి, కొన్ని రాష్ట్రాలు పెంచలేదు. పెంచని చోట తిన్నవాళ్లు 18, 20 శాతం టిప్పు పెడితేనే ఆ మనిషికి ఇల్లు గడుస్తుంది. బల్ల త్వరగా ఖాళీ అయితే ఇంకో టిప్పు వస్తుంది. అక్కడ బిల్లు ముందే వచ్చి వాలడానికి ఇదే కారణం. అమెరికా నుంచి ఫ్రాన్స్ నేర్చుకున్నదీ ఒకటుంది. మిగిలిన అన్నం కట్టించుకుపోవడం ఫ్రెంచ్ వాళ్లకు ఒకప్పుడు నామోషీ. 2021 జులై నుంచి అడిగినవాళ్లకు డబ్బా ఇచ్చి తీరాలని చట్టం చేశారు.

ఇక మన దగ్గర, పాత గనుల చట్టం భూగర్భంలో పనిని రోజుకు 8 గంటలకు పరిమితం చేసింది. 250 మందికి పైగా పనిచేసే గని దగ్గర క్యాంటీన్ ఉండాలని 1955 నాటి గనుల నిబంధనలు చెప్పాయి. ఈ బెల్టులో క్యాంటీన్ అంటే చాయ్, బోండా మాత్రమే కాదు, రాత్రి షిఫ్టు వాడికి అదే ఇల్లు. అయితే ఇప్పుడు ఓపెన్‌కాస్టుల్లో, మట్టి తోలే పనుల్లో కాంట్రాక్టు కార్మికులు పెరిగారు. సింగరేణి లాభాల్లో 2024 దసరాకు పర్మినెంట్ కార్మికులకు 33 శాతం వాటా, సగటున తలకు లక్షా 90 వేల రూపాయలు వచ్చింది. అదే ఏడాది కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా 5 వేలు ఇచ్చారు. ఇచ్చినందుకు సంతోషమే. కానీ ఒకే దుమ్ము మింగిన ఇద్దరి దసరా కంచాల మధ్య ఇంత ఎడం ఉండకూడదు. ఆ కాంట్రాక్టు కార్మికుడికి కూర్చుని తినే నీడ, చేతులు కడుక్కునే నీళ్లు ప్రతి పని చోటా ఉండాలి.

కల్తీ మీద తిరగబడ్డ ఊళ్లు

ఫ్రాన్స్ అంటే వైన్ అని అందరికీ తెలుసు. ఆ వైన్ కూడా ఒకప్పుడు కల్తీలో మునిగిందని ఎక్కువమందికి తెలియదు. 19వ శతాబ్దం చివర ఫిలాక్సెరా అనే పురుగు ద్రాక్షతోటలను తుడిచిపెట్టింది. సరుకు లేక వ్యాపారులు చక్కెర, నీళ్లు, ఎండుద్రాక్ష కలిపి వైన్ పేరుతో అమ్మారు. తోటలు మళ్లీ కాసేసరికి ధర పడిపోయింది. దక్షిణ ఫ్రాన్స్‌లోని లాంగ్‌డాక్ రైతులు మార్సెలాన్ అల్బేర్ అనే చిన్న రైతు వెనక నడిచారు. 1907 జూన్ 9న మోంపెలియె పట్టణంలో లక్షలాది మంది గుమిగూడారు. నార్బోన్‌లో సైన్యం కాల్పులు జరిపింది, మనుషులు చనిపోయారు. 17వ పదాతి దళం సైనికులు తమ సొంత జనం మీద తుపాకీ ఎత్తలేమని తిరగబడ్డారు. జూన్ 29న ప్రభుత్వం దిగొచ్చి కల్తీకి అడ్డుకట్ట వేసే చట్టం చేసింది. 1935లో ఇంకో అడుగు వేసి, ఏ నేల పేరు పెట్టి అమ్మాలంటే ఆ నేల మీదే, ఆ పద్ధతిలోనే చేయాలన్న వ్యవస్థ తెచ్చింది. ఇవాళ సీసా మీద కనిపించే ఊరి పేరు వెనక ఆ కాల్పులున్నాయి.

అమెరికా దారి వేరు. మద్యం మీద అక్కడి ఆడవాళ్లు దశాబ్దాలు పోరాడారు. 1920లో దేశమంతా మద్యనిషేధం వచ్చింది. దొంగసారా, ముఠాలు పెరిగి 1933లో ఎత్తేశారు. దాని గుర్తులు ఇంకా ఉన్నాయి. పెన్సిల్వేనియాలో వైన్, విస్కీ సీసాలను ప్రభుత్వ దుకాణాలు అమ్ముతాయి. వేరే రాష్ట్రాల్లోని కొన్ని కౌంటీల్లో అసలు అమ్మరు. తాగే వయసు 21. తెలుగువాళ్లకు ఈ కథ కొత్తది కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు 1992లో సారాకు ఎదురు తిరిగారు. 1993 అక్టోబరులో సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది సడలిపోయింది.

ఇప్పుడు తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలున్నాయి. రెండేళ్లకోసారి లాటరీ తీసి ఇస్తారు. 2025లో ఒక్కో దరఖాస్తు ఫీజు 3 లక్షలు. లాటరీ తగలకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. షిఫ్టు దిగినవాడు దారిలో వైన్స్ ముందు బండి ఆపి, పర్మిట్ రూంలో నిలబడి, గబగబా తాగి పోతాడు. ఒళ్లు హూనం చేసే పని చేసి వచ్చినవాడిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ పస్తు కడుపున, నిలబడి, ఒంటరిగా తాగే పద్ధతే అన్నిటికన్నా చేటు. ఫ్రెంచ్ వాళ్లు వైన్‌ను అన్నం బల్ల మీదికి తెచ్చారు, ఇంటిల్లిపాది ముందు తాగారు. అయినా వాళ్లకూ నష్టం తప్పలేదు. ఏటా దాదాపు 41 వేల మంది మద్యం వల్ల చనిపోతున్నారని అక్కడి ప్రజారోగ్య సంస్థ 2019లో లెక్క చెప్పింది. బడి క్యాంటీన్లలో 14 ఏళ్ల లోపు పిల్లలకు వైన్ పోయడం ఆపింది 1956లోనే. 1991లో ఎవాన్ చట్టం మద్యం ప్రకటనలకు కళ్లెం వేసింది. 1960 ప్రాంతంలో తలకు ఏడాదికి 100 లీటర్లు దాటిన వైన్ వాడకం ఇప్పుడు 40 లీటర్ల చుట్టూ ఉంది. అక్కడి యువత తాగడం తగ్గించేసింది.

మన నేలకూ సొంత పానీయం ఉంది. తాటిచెట్టు, ఈతచెట్టు మీద నుంచి పొద్దున దింపిన కల్లు ఆ పూటదే, ఆ చెట్టుదే. మొగులెక్కని తెల్లారగట్ల, గుడాలు నంజుకుంటూ ఈతవనంలో కూర్చుని తాగే కల్లుకూ, ఆ నేల పేరు మోసే వైన్‌కూ గౌరవంలో తేడా ఉండకూడదు. ఉన్న తేడా చట్టం పెట్టింది, కల్తీ పెంచింది. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. మత్తుమందులు కలిపిన కల్లు రాష్ట్రంలో పాత రోగం. నిజమైన గీత కార్మికుడు ప్రాణాలకు తెగించి చెట్టెక్కి దింపిన కల్లుకు ఆ కల్తీ వల్ల మచ్చ వచ్చింది. 2023 మేలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది, మంచి పనే. అయితే హుస్సేన్‌సాగర్ ఒడ్డున దక్కిన ఆ శుభ్రత, ఆ పరీక్ష మందమర్రి పక్క ఊరి కల్లు దుకాణంలో ఎందుకు దక్కకూడదు? ఫ్రెంచ్ ద్రాక్ష రైతులు తమ సరుకులో కల్తీ మీద తామే పోరాడారు. మన గీత సొసైటీలు కూడా ఆ పని ముందుకు తీసుకుంటే బొగ్గుబెల్టు వాళ్ల వెనక నిలబడుతుంది.

ఈ పద్ధతులు ఫ్రెంచ్ పాలనతోనే వస్తాయా అంటే, ఆ పాలన కింద బతికిన తెలుగు ఊరు యానాం ఉంది. 1954లో అది భారత్‌లో కలిసింది. పుదుచ్చేరి పన్నుల తేడా వల్ల చుట్టుపక్కల జిల్లాల నుంచి అక్కడికి మందు కోసం వెళ్లేవాళ్లున్నారు. రెండు శతాబ్దాలకు పైగా ఫ్రెంచ్ వాళ్లున్న ఊరికి వైన్ సంస్కారం గానీ, బగెట్ రొట్టె గానీ అలవాటు కాలేదు.  ఒక దేశపు తిండి పద్ధతి పాలకులతో రాదు. ఆ దేశపు రైతు, దుకాణదారు, కార్మికుడు కొట్లాడి తెచ్చుకున్న నియమాలతో వస్తుంది.

అంగడికి నీడ కావాలి

అందుకని మందమర్రి విషయంలో నా అభ్యర్థనలు మూడే. బొగ్గు తవ్వకం మీద వచ్చే సొమ్ముతో 2015 చట్ట సవరణ కింద జిల్లా ఖనిజ నిధి ట్రస్టులు ఏర్పడ్డాయి. గనుల వల్ల నష్టపోయిన ఊళ్ల కోసమే ఆ డబ్బు. అందులోంచి ఈ అంగడికి పైకప్పు, సిమెంటు అరుగులు, నల్లా నీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టాలి. గంటల తరబడి కూర్చునే అవ్వలకు ఇవాళ ఆ చివరి సౌకర్యం లేకపోవడం సిగ్గుచేటు. రెండోది, బాయి మీద, ఓపెన్‌కాస్టులో పనిచేసే ప్రతి మనిషికీ, పర్మినెంటైనా కాంట్రాక్టైనా, ఒకే క్యాంటీన్, ఒకే ధర. మూడోది, ఎక్సైజ్ శాఖ వారం వారం కల్లు నమూనాలు తీసి ఫలితాలను దుకాణం గోడ మీద తెలుగులో అతికించాలి.

2025 ఉగాది నుంచి రేషన్ షాపులో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అన్నం గింజ మారితే ఇంటి కంచం మారుతుందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. కూరగాయలు, తాగే కల్లు కూడా ఆ కంచంలోవే.

వీటిని ఎవరు చేయాలని అడిగితే జవాబు చెప్పే కౌన్సిల్ ఊళ్లో లేదు. ఏజెన్సీ వివాదం గిరిజనుల హక్కులకు భంగం రాకుండా ఎలా తేల్చాలో కోర్టులు, ప్రభుత్వం కూర్చుని తేల్చాలి. ఏ దిక్కు తేలినా సరే, మందమర్రికి మున్సిపల్ ఎన్నికలు పెట్టాలి.